ఫోన్‌లో తెలుగు బంద్

జనగామ,
జూన్ 10.

అల్ఫియా,

మొన్న ఫోన్‌లో పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నాం. నీ పిల్లి నల్లగా ఉంటుందని నువ్వన్నావు, నా దగ్గర రెండు ఆపిల్స్ ఉన్నాయని నేనన్నాను. నీకు పిల్లి లేదు, మా ఇంట్లో ఆపిల్స్ లేవు. ఫోన్‌లో ఇటాలియన్ తప్ప ఇంకో భాష బంద్, తెలుగులో చెప్పుకోవాల్సింది ఏమున్నా కాయితం మీదే అని ఒట్టు పెట్టుకున్నప్పుడు ఇది ఇంత కష్టమనుకోలేదు. ఒట్టు పెట్టించింది నేనే కాబట్టి ముందు నేనే పెన్ను పట్టాను.

పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్‌లో ఉన్నాయన, "అప్లికేషనా బిడ్డా?" అన్నాడు. కాదు, దోస్తుకు ఉత్తరం అన్నాను. ఫోన్ లేదా అని అడిగాడు. ఉంది గానీ అందులో తెలుగు బంద్ అని చెప్పాను. చిల్లర ఇస్తూ నా మొహం ఇంకోసారి చూశాడు.

భాషలు నేర్పే యాప్‌లో నలభై మూడు రోజులుగా ఒక్క రోజు తప్పలేదు. ఆదివారం ఆన్‌లైన్ క్లాసులో మేడం గొంతు విప్పమంటుంది. మేం పైన ఉంటాం, కింద బాపు స్టీలు సామాన్ల దుకాణం. నేను 'ర'ను నాలుక మీద దొర్లిస్తుంటే గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళు తలలెత్తి చూస్తున్నారట. "ఎంకాం చదివి గిప్పుడు గీ చిలక పలుకులేంది?" అన్నాడు బాపు. ఇటలీకి పోయి ఇంకో రెండేళ్ళు చదవాలని ఉందని ఇంకా చెప్పలేదు. ఈ ఊళ్ళో ఏ గల్లీలో నడిచినా నేను దయాకర్ బిడ్డనే. దయాకర్ ఎవరో తెలియని ఊళ్ళో ఒక్క కూరగాయల మార్కెట్‌కైనా పోయి రావాలని ఉంది.

నర్మెట్ట రోడ్డు గ్రానైట్ కార్ఖానాలో నా ఉద్యోగం మామూలే. ఆఫీసు గదిలో నేనూ ఒక ఫ్యానూ. కిటికీ లోంచి మీ అబ్బా, నా హైదర్ చాచా, కనబడతాడు. పాలిష్ మెషీన్ ముందు ఆయన పదిహేనేళ్ళుగా నిలబడే చోట గచ్చు అరిగి నున్నగా మెరుస్తోంది. పోయిన నెల ఆ మెషీన్ పాత బటన్ల పెట్టె కాలిపోయింది. సేటు రామ్మోహన్ ఎక్కడినుంచో ఒక పాత స్క్రీన్ తెచ్చి బిగించాడు. మెషీన్ ఇటలీదే కదా, స్క్రీన్ మీద కూడా అంతా ఇటాలియనే. నేను చదువుతున్న భాష నా కిటికీ ముందుకే వచ్చి కూర్చుంది.

చాచా బాగున్నాడు. తుత్తో బేనె. అంతా బాగే. మన ఇద్దరికీ తడబడకుండా వచ్చే మాట ఇదొక్కటే.

మేఘన


భూపాలపల్లి,
జూన్ 21.

మేఘనా,

నీ కవరు నా చేతికి రాకముందే దవాఖానలో నలుగురి చేతులు మారింది. మా హెడ్ నర్సు సంధ్యక్క దాన్ని ట్యూబ్‌లైటు కిందికి ఎత్తి, "లవ్ లెటరా, కోర్టు నోటీసా?" అంది. మా దోస్తు తిక్క అని చెప్పాను. అది నమ్మింది.

నా చదువంతా మందుల గదిలోనే, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని. ఇటలీలో నర్సుల పరీక్ష డిసెంబర్‌లో ఉండొచ్చంటున్నారు. అక్కడ రోగి తల నొస్తుందంటే నాకు అర్థం కావాలి గదా, అందుకే ఆ పాఠం ఇరవైసార్లు చేశాను. తల అంటే తెస్తా. రెండో బెడ్ మీద తుంటి విరిగిన భోజ్యా తాత విని విని నేర్చుకున్నాడు. ఇప్పుడు నేను వార్డులోకి రాగానే తల పట్టుకుని "తెస్తా, తెస్తా" అంటాడు. తల ఏమీ నొయ్యదు. ఒట్టిగనే, నన్ను నవ్వించడానికి.

సరే, ఇది రాయడానికి అసలు కారణం వేరే. అబ్బా ఎట్లున్నాడని ఫోన్‌లో మూడు వారాల నుంచి అడుగుతున్నాను. నువ్వు తుత్తో బేనె అంటావు. ఆయన్ని అడిగితే "సబ్ ఠీక్" అంటాడు. కానీ మొన్న ఎన్నడూ లేనిది, "ఆ ఇటాలియన్ నేర్వనీకి ఎన్ని దినాలు పడ్తది బేటా?" అని అడిగాడు. ఎందుకు అబ్బా అంటే ఊకెనే అన్నాడు. మా అబ్బా ఏదీ ఊకెనే అడగడు. కాయితం మీద ఇటాలియన్ బంద్ అని కూడా ఒట్టు పెట్టుకుందామా?

అల్ఫియా


జనగామ,
జూలై 8.

అల్ఫియా,

పెద్ద పని చేశాను. చదివి మెచ్చుకో.

కొత్త స్క్రీన్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే, పాత పెట్టె మీద ఒక్కో పనికి ఒక్కో బటన్ ఉండేది. చాచా చూడకుండానే నొక్కేవాడు. దీంట్లో ఏడు పేజీలున్నాయి. మొదటి పేజీలో నీళ్ళు వదిలే చోటే రెండో పేజీలో బెల్టు వేగం పెంచేది వస్తుంది. చేతికి తెలిసిన చోటు పేజీ మారగానే మారిపోతుంది. అందుకని స్క్రీన్ ఫోటోలు తీసుకుని, యాప్‌లో దొరికినవి కొన్ని, ఆదివారం మేడంను అడిగి కొన్ని, నాలుగు రోజులు కూర్చుని అన్ని మాటలూ తెలుగు చేశాను. ఏడు పేజీలకు ఏడు చార్టులు. ఏ గడి ఎక్కడుందో బొమ్మ గీసి, ఇటాలియన్ మాట కింద తెలుగు మాట పెద్దక్షరాలతో రాసి మెషీన్ పక్కన గోడకు అతికించాను. నీ తెస్తా కూడా ఉంది. రాయి మీద తిరిగే పాలిష్ గుండ్రాలను వాళ్ళు తలలంటారు. మన కార్ఖానాలో టోపీలంటారు కాబట్టి టోపీ అనే రాశాను. అంత తెలివి నాకుంది.

ఇంకొకటి. బెల్టు నెమ్మదిగా నడపమనాలంటే ఇక్కడ అందరూ "పియానో, పియానో" అంటారు. నేనది మెషీన్ భాగం పేరనుకున్నాను. మొదట్లో బిగించడానికి వచ్చిన ఇటలీ మెకానిక్ వదిలిపోయిన మాటట. మెల్లగా అని. మీ అబ్బా మనకన్నా పదిహేనేళ్ళ ముందే మొదటి పాఠం చదివేశాడు.

చార్టులు పెట్టాక చాచా చేతులు వెనక్కి కట్టుకుని మొదటిదాని నుంచి ఏడోదాని దాకా నిదానంగా చూశాడు. "మస్తుగ రాసినవ్ బిడ్డా. ముత్యాలోలె ఉన్నయ్ అచ్చరాలు" అన్నాడు. ఎంకాంలో ఫస్ట్ క్లాసు వచ్చిన రోజు కూడా నాకింత సంతోషం లేదు.

నీ ప్రశ్నకు జవాబు: తుత్తో బేనె.

మేఘన


భూపాలపల్లి,
జూలై 17.

మేఘనా,

మా అబ్బాకు తెలుగు చదవరాదు.

మానుకోటలో ఐదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఆ తర్వాత బడి లేదు, రాళ్ళ పని. మాట చూస్తే నీకన్నా నాకన్నా మంచి తెలుగు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. రెండో తరగతి నుంచి బస్సు బోర్డులు నేనే చదివేదాన్ని. పెళ్ళి పత్రికలు, కరెంటు బిల్లులు, బడి నుంచి నా మీద వచ్చిన ఫిర్యాదు కూడా నేనే చదివాను. మార్చి చదివాననుకో. టీ హోటల్లో పేపరు పట్టుకుని కూర్చుంటాడు, బొమ్మలు చూస్తాడు. ఎవరన్నా కాయితం ఇస్తే, "అద్దాలు ఇంట్ల మర్చిపోయిన" అంటాడు. ఆయనకు అద్దాలే లేవు.

నీకు తెలుసనుకున్నాను అని రాస్తే అబద్ధమవుతుంది. హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, నీకు కూడా తెలియొద్దనే చూసుకున్నాను. ఆయన దాచుకున్నది నేనెట్లా చెప్తాను?

ఇప్పుడు నువ్వు చెప్పు. పదిహేనేళ్ళు ఎవరి సాయం లేకుండా నడిపిన మనిషికి ఉన్నట్టుండి నాలుగు రోజులు కూర్చుని చార్టులు ఎందుకు రాశావు? ఎవరు తొందర పెట్టారు? తెలుగులో చెప్పు.

అల్ఫియా


జనగామ,
జూలై 24.

అల్ఫియా,

చెప్తున్నాను. ఇది నీకు జూన్‌లోనే చెప్పాల్సింది.

స్క్రీన్ వచ్చిన వారానికే రామ్మోహన్ సేటు చాచాను ఆఫీసులోకి పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను. దసరా దాకా చూస్తాను, అప్పటికి కూడా స్క్రీన్ చేతికి రాకపోతే ఖమ్మం నుంచి వేరే ఆపరేటర్ వస్తాడు, నువ్వు గేటు దగ్గర కూర్చో అన్నాడు. జీతం తగ్గదని కూడా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే ఇంకా కష్టం. చాచా సరేనని బయటికొచ్చి, నా కిటికీ దగ్గర ఆగి, "అల్ఫియాకు జెప్పకు బిడ్డా. పరీచ్చ ఇడిసిపెట్టి ఉరికొస్తది" అన్నాడు. మాటిచ్చాను.

అందుకే ఆ చార్టులు. అవి చేసిన పని కూడా విను. పోయిన శనివారం, రెండో పేజీలో నీళ్ళనుకుని బెల్టు వేగం పెంచాడు. గ్రానైట్ పలక మెషీన్ లోపల అడ్డం తిరిగి నడిమికి విరిగింది. సేటు వచ్చి చూశాడు. "తెలుగుల గింత పెద్దగ రాసి పెట్టినా కనవడ్తలేదా హైదర్? కండ్లు వొయినయా?" అన్నాడు. అందరూ ఉన్నారు. చాచా నా చార్టుల వంక చూసి, "ఔ సేటూ. జర మసక వడ్డయ్" అన్నాడు.

అప్పుడు నేను కూడా నిజమే అనుకున్నాను. కంటి దవాఖానకు తీసుకుపోదామని కూడా అనుకున్నాను. నీ ఉత్తరం సోమవారం వచ్చింది.

అదివరకు తప్పు ఇటాలియన్‌ది. ఎవరికి వస్తుంది గనక? నేను దాన్ని తెలుగు చేసి, పెద్దక్షరాలతో గోడకు పెట్టి, ఆ తప్పును ఆయన మీద వేశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో. ఈ నాలుగు రోజులు యాప్ తెరవలేదు. అది రోజూ ఏడుపు మొహం బొమ్మ పంపిస్తోంది.

ఏం చేయమంటావో చెప్పు. తిట్టాలనుకుంటే ముందు అదే రాయి.

మేఘన


భూపాలపల్లి,
జూలై 31.

మేఘనా,

తిడదామనే మొదలుపెట్టాను, రెండు కాయితాలు చింపాను. నువ్వు ఆయనకిచ్చిన మాట నిలబెట్టావు, నేనూ నిలబెట్టాను. ఇద్దరం మంచివాళ్ళమే, పలక విరిగింది.

అబ్బాకు ఫోన్ చేసి, మేఘనకు చెప్పేశాను అన్నాను. వెనక ఆటో పోయిన చప్పుడు, ఎవరో టీ అడిగిన చప్పుడు. తర్వాత "తిన్నావా?" అన్నాడు, పెట్టేశాడు. మర్నాడు పొద్దున తనే చేశాడు. ఉర్దూలో రాస్తే చదువుకుంటానన్నాడు. ఇటాలియన్ అక్షరం రాకపోయినా దాని రూపు చూసి చార్టులో అదే రూపు వెతుక్కోగలడట. రాళ్ళలో ఈ గీత ఆ గీత పోల్చడమే కదా ఆయన పని. అయితే ఆ చార్టు అందరి ముందు గోడ మీద ఉండాలి. అది ఉందంటే, తెలుగు రాదని అందరికీ తెలుస్తుంది. దాని గురించి మాత్రం ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఉర్దూ నాకు మాట్లాడటమే వచ్చు. నన్ను తెలుగు మీడియంలో వేసింది ఆయనే, నాలా కావద్దని. మా ఇంట్లో ఇప్పుడు ఉర్దూ రాయగలిగింది ఒక్క దాదీ, అబ్బా వాళ్ళమ్మ. మానుకోటలో పర్వేజ్ చాచా ఇంట్లో ఉంది. నాకు లీవు లేదు. నువ్వు పోతావా? దాదీ కొంచెం కోపిష్టి. కోప్పడిందంటే మెచ్చుకున్నట్టు.

యాప్ తెరువు. అది ఏడుస్తోందంటే నాకే జాలేస్తోంది.

అల్ఫియా


మహబూబాబాద్,
ఆగస్టు 17.

అల్ఫియా,

స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంది, రైల్లోంచి మాత్రం అందరూ మానుకోటలోనే దిగారు. మీ పర్వేజ్ చాచా పంక్చర్ల దుకాణం వెనక గదిలో, మీ దాదీ మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. దాదీ నిద్రపోయింది. వేళ్ళ నిండా మార్కర్ మసి.

పొద్దున బొమ్మలూ ఇటాలియన్ మాటలూ మాత్రం రాసిన ఏడు కొత్త చార్టులు పరిచి, ఒక్కో మాటకు అర్థం చెప్పడం మొదలుపెట్టాను. ఇది ఒత్తిడి, ఇది వేగం అని. మూడో మాటకే దాదీ చేయి ఎత్తింది. "అర్తాలు నీ దగ్గర్నే పెట్టుకో. అది ఒత్తితే ఏమైతదో జెప్పు. నా కొడుక్కు ఎట్ల జెప్పాల్నో నాకెర్క."

ఇక అంతా మారిపోయింది. ఒత్తిడి పెంచితే ఏమవుతుంది? టోపీ రాయి మీద బలంగా ఆనుతుంది. ఎక్కువైతే? రాయి కాలి మచ్చ పడుతుంది. ఆవిడ తల ఊపి, కుడి నుంచి ఎడమకు బారుగా రాసుకుంటూ పోయింది. నేను ఒక్క మాట చెప్తే ఆవిడ రెండు వరుసలు రాస్తోంది. ఇంత ఏం రాస్తున్నావు దాదీ అంటే, నీకెందుకంది. ఏడో చార్టు, గంట మోగినప్పుడు వచ్చే ఎర్ర అక్షరాల పేజీ, రాస్తూ తనలో తనే నవ్వుకుంది. అది కూడా చెప్పలేదు.

మధ్యలో నా చేత ఇటాలియన్ మాటలు పలికించుకుంది. ఆదివారం మేడం మూడు నెలలుగా దిద్దుతున్న నా 'ర' ఆవిడకు ఒక్కసారికే వచ్చింది. "గిది నేర్సుకోనీకి ఫోన్ గావాల్నా?" అంది. పర్వేజ్ చాచా ట్యూబులో గాలి చూస్తూ ఎంత నవ్వాడో.

పడుకునే ముందు ఒకటే మాట అంది. "వాడు చిన్నప్పుడు పలక పగులగొట్టుకొని బడి మానిండు. ఇంకోటి కొనిస్తనన్న. పోలే."

మేఘన


జనగామ,
సెప్టెంబర్ 27.

అల్ఫియా,

ఇది తీరిగ్గా చదువు, డ్యూటీలో కాదు.

దాదీ రాసిన చార్టులు నెల పైన నా బీరువాలోనే ఉన్నాయని నీకు తెలుసు. సాయంత్రం అందరూ పోయాక చాచా ఆఫీసు గదిలో వాటిని చదివి, స్క్రీన్ దగ్గరికి పోయి చూసుకుని వచ్చేవాడు. నేను పక్కన కూర్చుని ఇటాలియన్ పలికేదాన్ని, ఆయన తిరిగి అనేవాడు. పగలు మాత్రం గోడ మీద నా తెలుగు చార్టులే. పెడదామా చాచా అంటే, పెడుదాంలే అనేవాడు.

నిన్న సేటు పరీక్ష పెట్టాడు. ఏడు నల్ల పలకలు, మొదటి నుంచి చివరిదాకా చాచానే నడపాలి. పొద్దున తొమ్మిదికి నేను కార్ఖానాకు వచ్చేసరికి చాచా స్టూలెక్కి నా చార్టులు పీకేస్తున్నాడు. దాదీవి తనే అతికించాడు. బెల్టు దగ్గర పలకలు ఎక్కించే బిక్షం వచ్చి చూశాడు.

"ఇగ మేం గూడ అలీఫ్ బే నేర్వాల్నా ఏంది హైదరన్నా?"

చాచా స్టూలు దిగి చేతులు తుడుచుకున్నాడు. "నాకు తెలుగు సద్వరాదు బిక్షం. ఇన్నేండ్ల సంది నీకు జెప్పలే."

బిక్షం కాసేపు ఆ చార్టుల వంక, కాసేపు చాచా వంక చూశాడు. "నాకు ఏదీ సద్వరాదు" అన్నాడు. "నాకెవలు రాస్తరు?"

అంతే అల్ఫియా. ఇన్నేళ్ళు మీరిద్దరూ దాచిన దానికి ఆ కార్ఖానాలో అయిన గొడవ అంతే. బిక్షం కోసం ఇప్పుడు బొమ్మల చార్టు వేస్తున్నాను.

నాలుగు పలకలు నున్నగా వచ్చాయి. ఐదోది సగం పోయాక గంట మోగింది, మెషీన్ ఆగిపోయింది, స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు. సేటు వాచీ చూసుకున్నాడు. ఆ మాట నాకు తెలుసు, మాంకా అక్వా, నీళ్ళు అందట్లేదు అని. నోటి దాకా వచ్చింది. చాచా నా వైపు చూడలేదు, అందుకే నేను నోరు మూసుకున్నాను. ఆయన ఏడో చార్టు దగ్గరికి పోయి, స్క్రీన్ మీది మొదటి అక్షరం రూపు మనసులో పెట్టుకుని, వేలితో పైనుంచి కిందికి వచ్చాడు. ఒకచోట ఆగాడు. స్క్రీన్ చూశాడు. మళ్ళీ వేలు చూశాడు. చదివాడు, చదివి గట్టిగా నవ్వాడు. మీ అబ్బా నవ్వు నేనెప్పుడూ వినలేదు.

ఏమని ఉందని సేటు అడిగాడు.

"మా అమ్మ రాసింది సేటూ. 'అరె గాడిదా, నీళ్ళొస్తలేవు. ముందుగాల పైపు జూడు, అటెంక రాయిని జూడు' అని."

సేటు కూడా నవ్వాడు. చాచా పైపు మూత విప్పి జాలీలో ఇరుక్కున్న బురద తీసి, మళ్ళీ నడిపాడు. ఏడో పలక బయటికి వచ్చాక సేటు దానిమీద వంగి తన మొహం చూసుకుని, పన్ను సందు చూసుకుని, ఖమ్మం అతనికి రావొద్దని ఫోన్ చేశాడు.

ఆ ఏడు చార్టుల్లోనూ దాదీ కొడుకును తిడుతూనే రాసిందట. అందుకే ఒక్కటి కూడా మర్చిపోనంటున్నాడు చాచా.

బాపుకు ఇటలీ చదువు సంగతి చెప్పేశాను. దుకాణంలోనే, గిన్నెలు తుడుస్తూ. బాపు విని, గిన్నెలు పేర్చుకుంటూ పోయాడు. సాయంత్రం మాత్రం, మంచినీళ్ళను వాళ్ళేమంటారని అడిగాడు.

ఆదివారం నీకు ఫోన్ చేస్తాను. ఈసారి నా గొంతు కాదు, చూడు.

మేఘన


భూపాలపల్లి,
అక్టోబర్ 6.

మేఘనా,

ఆదివారం ఫోన్ ఎత్తగానే "ప్రోంతో" అని ఇటలీ హలో చెప్పే మగ గొంతు వినబడితే, పరీక్షవాళ్ళేమో అనుకుని లేచి నిలబడ్డాను. సంధ్యక్క సాక్షి.

ఎట్లున్నావని ఇటాలియన్‌లో అడిగాను. "తుత్తో బేనె" అన్నాడు అబ్బా. నువ్వు రెండు నెలలు నాకు చెప్పిన ఆ మాటే. నాకు భయమేసి ఒట్టు మర్చిపోయి, నిజంగానా అబ్బా అని మా ఇంటి మాటలో అడిగేశాను.

"ఫోన్ల ఇటాలియన్ తప్ప అన్నీ బంద్ అంట గద బేటా. నిజమో కాదో ఎర్క గావాల్నంటే చిట్టీ రాయి" అన్నాడు, పెట్టేశాడు.

పొద్దంతా నవ్వుకున్నాను. సాయంత్రం కూర్చుని రాశాను. ఆగస్టు నుంచి నేను యాప్‌లో ఇటాలియన్ పక్కనే ఉర్దూ అక్షరాలు కూడా దిద్దుతున్నానని నీకు చెప్పలేదు. తప్పులు దాదీ దిద్దుతోంది, పర్వేజ్ చాచా ఫోటోలు పంపుతాడు. పాఠం బాగా వస్తే యాప్ చప్పట్లు కొడుతుంది, దాదీ ఇంకా తిడుతూనే ఉంది. డిసెంబర్ పరీక్షకు కూడా కట్టాను, కంగారు పడకు.

ఈ కవర్లో ఇంకో చిన్న కాయితం ఉంది చూడు, నాలుగు మడతలు పెట్టింది. అది నీది కాదు. విప్పి చూసినా నీకు రాదు. ఆరు వరుసలకు రెండు గంటలు పట్టింది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ముత్యాల్లా లేవు. పోయి నీ చాచాకు ఇవ్వు. మా అబ్బాకు వచ్చిన ఉత్తరాలన్నీ ఇంతకాలం నేనే చదివి పెట్టాను. ఇది ఆయనే చదువుకుంటాడు.

ఇచ్చి పక్కన నిలబడకు. కిటికీ దగ్గరికి పో.

అల్ఫియా